కొసరు తొక్కుడు

వ్యాయామం సైకిలు తెర మీద మొదటిసారి మూడు వందల కాలరీలు అని కనబడినప్పుడు నేను నమ్మలేదు. అనుమానం సైకిలు మీద కాదు, మొదటి మాట మీద. అంగళ్ల మధ్య పెరిగినవాడికి ఎవరైనా ముందు చెప్పే అంకె చెవిలో పడగానే అందులో సగం దానంతటదే రాలిపోతుంది. చీర వెలైనా అంతే, పెళ్లికొడుకు జీతమైనా అంతే, పక్క ఊళ్లో పడిన వానైనా అంతే. అందుకని చెమట తుడుచుకుంటూ ఆ తెరతో మర్యాదగానే అన్నాను, నూటయాభైకి చేసుకొమ్మని.

ఎవరొచ్చారని వంటింట్లోంచి మా ఆవిడ అడిగింది. సైకిలుతో బేరమాడుతున్నానని చెప్పాను. ఆమె మళ్లీ పోపు పనిలో పడింది. కూరగాయల బండి దగ్గర, ఆటో దగ్గర, ఒకసారి పురోహితుడి దగ్గర కూడా నా బేరాలు చూసిన మనిషి. ఇదొక్కటీ మిగిలిందా అనుకొని ఉంటుంది.

ఆ సైకిలు మా ఇంటికి రావడానికి కారణం మా బావ. మా అక్క మొగుడు. తిరుత్తణిలో లుంగీల వ్యాపారం. ఆయన మాట నూలుపోగులా సన్నగా వస్తుంది, చుట్టుకున్నాక గానీ తెలియదు. మా నాయన అంగడి కూడా తిరుత్తణిలోనే ఉండేది, కొండకు పోయే దారిలో. పప్పులు, చింతపండుతో బాటు కర్పూరం, కొబ్బరికాయలు అమ్మేవాడు. ఆడి నెలలో ఆడికృత్తిక పండగ వచ్చిందంటే అంగడి అక్కకు అప్పజెప్పి, కొండమీది స్వామికి మొక్కుకున్న కావడి భుజాన వేసుకొని మెట్లెక్కేవాడు. ఆయన తర్వాత ఆ కావడి నాకొచ్చింది. నేను తిరువళ్లూరులో పాత్రల అంగడి పెట్టుకొని ఇక్కడే ఉండిపోయినా, ఏటా ఆ కావడీ నేనూ లోకల్ రైలెక్కి, అరక్కోణం మీదుగా తిరుత్తణి పోతాం.

కిందటేడు మెట్లదారి సగంలో, మండపం దగ్గర నా ఊపిరి నిలిచిపోయినంత పనైంది. కూర్చున్నానని చెప్పుకుంటాను గానీ, కూలబడ్డాను. ఎవరో నీళ్లిచ్చారు. నాకంటే ముసలామె ఒకామె కొంగుతో విసిరింది. బావ నా భుజం మీది కావడి తీసి తన భుజాన వేసుకొని, కిక్కిరిసిన పండగ జనంలో ఒక్కో మెట్టే ఎక్కుతూ పైకి పోయాడు. నేను కాసేపటికి తేరుకొని, మెల్లగా కిందికి దిగి, ఆటో ఎక్కి రోడ్డుదారిన కొండమీదికి పోయి, ఆయనకు ఎదురుగా గుడి ముందర నిలబడ్డాను. ఆ తెలివే నా కొంప ముంచింది. చెమటలు కారుతూ చివరి మెట్టెక్కిన బావ, దువ్విన తలతో నిలబడివున్న నన్ను చూశాడు.

ఆ పూట భోజనాల దగ్గర, చుట్టాలందరూ ఉండగా, సాంబారు కలుపుకుంటూ అన్నాడు.

"బామ్మర్దీ, వచ్చే ఏడు నువ్వు ఎక్కితే కావడి నీది. ఎక్కలేదనుకో, చుమ్మా ఊరికే దాన్ని రైల్లో ఎందుకు తిప్పేది? కాళ్లుండే ఇంట్లో ఉండనీ."

నేను అక్క వైపు చూశాను. అక్క తీర్పు చెప్పేటప్పుడు నవ్వదు. "ఆయన చెప్పేది న్యాయమే గదరా" అనింది.

నాయన చెయ్యి పట్టీ పట్టీ నున్నబడిన కర్ర అది. దాన్ని వదులుకోవడమే కష్టం. దానికి తోడు, బావ ఇంట్లో అది గోడకు వేలాడుతుంటే వచ్చేవాళ్లకూ పోయేవాళ్లకూ ఆయన చెప్పబోయే కథ నాకు అప్పుడే మాటతో సహా వినబడింది.

డాక్టరు బరువు తగ్గమన్నాడు, నడవమన్నాడు. నడిచాను. కానీ మా బజారులో ఏ దిక్కుకు నడిచినా టిఫిన్ సెంటరు దగ్గరే తేలుతాం. నడక మనల్ని ఇల్లు దాటిస్తుంది, అదే దానిలోని లోపం. ఇంట్లోనే ఉండి ఎక్కడికీ పోని బండి కావాలి. మా వీధిలో బదిలీ మీద పోతున్న బ్యాంకు ఆఫీసరు ఇంట్లో అలాంటిది ఒకటి, మీద తువాళ్లు ఆరేసి ఉంది. పోయి సీటు గట్టిగా ఉందన్నాను, తుప్పు పట్టిందన్నాను, చక్రం ఒక్కటే ఉందేమని కూడా అడిగాను. సామాను కట్టి కట్టి అలిసిపోయిన మనిషి, తీసుకుపొమ్మన్నాడు. కొసరేమిటన్నాను. దుమ్ము పట్టిన గెంతుడు తాడు ఒకటి చేతిలో పెట్టాడు. ఇప్పుడు దాంతో అంగట్లో అట్టపెట్టెలు కడుతున్నాను.

సైకిలును వీధి కిటికీ పక్కన వేశాను. కొన్నాళ్లు తొక్కాక మా అమ్మాయి కారు విడిభాగాల కంపెనీలో సెలవు దొరికి ఇంటికొచ్చింది. వచ్చీరాగానే సైకిలు తెర మీద ఏవో నొక్కింది. నొక్కి నవ్వడం మొదలుపెట్టింది.

"నాయినా, ఈ లెక్క నీది కాదు. ఆ బ్యాంకాయన బరువు ఇంకా దీంట్లోనే ఉండాది."

ఆయన నాకు ఒకటిన్నర రెట్లుండే మనిషి. అంటే నేను ఇన్నాళ్లూ కిటికీ పక్కన కూర్చొని చెమటోడ్చి ఆయన కాలరీలు కరిగించానన్నమాట. నా బరువు ఎంతో చెప్పమంది. ఎదిగిన కూతురు ముందు నిజం చెప్పడానికి మొహమాటపడి కాస్త తగ్గించి చెప్పాను. బరువు తగ్గించి చెబితే సైకిలు చూపించే కాలరీలు కూడా తగ్గుతాయని వివరించింది. వెంటనే నాకు నా అసలు బరువు గుర్తొచ్చింది. ఆ ఊపులో ఇంకొంచెం ఎక్కువే గుర్తొచ్చింది.

అమ్మాయి అంతటితో ఆగలేదు. సైకిలుకు పెడలు తిరగడమే తెలుసు, తొక్కేవాడి గుండె సంగతి తెలియదంటూ తన చేతి గడియారం తీసి, నన్నే ఉంచుకొమ్మని నాకు కట్టింది. గడియారానికి నాడి తెలుసట. సెల్‌ఫోనులో ఇంకో లెక్క పెట్టింది. మరుసటి పొద్దున అరగంట తొక్కితే సైకిలు రెండు వందల ముప్ఫై అంది, గడియారం నూటఎనభై అంది, ఫోను రెండు వందలంది. ఏది నిజమని అడిగాను.

"ఏదీ కాదు. అన్నీ అంచనాలే నాయినా."

ఆ మాట విని నాకు భలే హుషారొచ్చింది. అంచనా అంటే బేరానికి తలుపు తీసి ఉందనే గదా. మూడు అంగళ్లలో ధర విచారించడం నాకు చెప్పాలా.

అమ్మాయి ఇంకొకటి కూడా చెప్పింది. ఆ అరగంటా తొక్కకుండా గల్లాపెట్టె దగ్గర కూర్చున్నా ఒంటికి కొన్ని కాలరీలు ఖర్చవుతూనే ఉంటాయట. అవి కూడా కలుపుకొని తెర చూపిస్తుందట. ఇది నాకు ఇట్టే అర్థమైంది. గోనెసంచితో సహా చింతపండు తూచడం. సంచి బరువు తీసేయనివాడు వ్యాపారి కాదు, దొంగ అనేవాడు మా నాయన. సరే తీసేద్దాం అన్నాను. అన్నాను గానీ, అమ్మాయి సెలవు అయిపోయి వెళ్లాక తీయలేదు.

అక్కడ నేను చేసిన తప్పు మా కులవృత్తిలో పుట్టినవాడు మాత్రమే చేయగలిగింది. సైకిలు దిగగానే నేను అమ్మే మనిషిని. మూడింటిలో ఏది ఎక్కువ చూపిస్తే అదే నా ధర. మొదటిరోజు సగానికి కోసిన మనిషి ఏమయ్యాడో తెలియదు. టిఫిన్ ఆకు ముందు కూర్చోగానే నేను కొనే మనిషిని. వడకు ఫోను ఒక అంకె చెబుతుంది. ఈ వడ చిన్నది, పైగా నడుమ చిల్లు ఉంది అని దాన్ని సగానికి దించుతాను. నెయ్యి పొంగల్లో మిరియాలు ఏరి పక్కన పెట్టి దానికీ తరుగు తీస్తాను. ఇంత బేరమాడినందుకు సంతోషంగా, కొసరు కింద ఇంకో అర వడ. ప్రతి పూటా లాభమే.

మా అంగట్లో పాత ఇత్తడి తూచే పెద్ద కాటా ఉంది. నెల తిరిగాక ఒక ఆదివారం, మా ఆవిడ మధ్యాహ్నం అన్నం క్యారియరు తెచ్చినప్పుడు, గర్వంగా దాని మీదికి ఎక్కాను. ముందుగా ఖాళీ కాటా సున్నా చూపిస్తోందని ఆమెకు చూపించాను. గిరాకీకి అలా చూపించడం నాయన నేర్పిన పద్ధతి. ఎక్కాను. అంకె కదిలింది, మొదట్లో ఉన్నచోటికే వచ్చి నిలిచింది. నిజానికి అర కిలో ముందుకు పోయి నిలిచింది. క్యారియరు చేతిలో ఉందేమో చూసుకున్నాను. లేదు, ఆమె చేతిలోనే ఉంది.

సైకిలు దగ్గర నా లాభం, వడ దగ్గర నా లాభం, అన్నీ వివరంగా చెప్పి ఇదెలా జరిగిందో నాకే తెలియడం లేదన్నాను. ఆమె క్యారియరు గిన్నెలు విప్పుతూ విన్నది.

"రెండు పక్కలా మీరే గెలిస్తే, మోసపోయినోళ్లు ఎవురు మరి?"

నేను కాటా దిగాను. అన్నం తింటున్నంతసేపూ నవ్వు ఆగలేదు, ఆమెకూ నాకూ. ఊళ్లో ఇంతమందితో బేరమాడి ఎవరినీ ఇంత నున్నగా ముంచలేదు నేను.

ఆ సాయంత్రం నాయన కొసరు గుర్తొచ్చింది. ఆయన ఏది తూచినా కాటా ముల్లు సరిగ్గా నిలిచాక చేత్తో ఇంత తీసి పైన వేసేవాడు. దాన్ని తూచేవాడు కాదు. తూచితే అది కొసరు కాదు, సరుకే అవుతుంది. ఎందుకు వేస్తావని చిన్నప్పుడు అడిగితే, మన కాటాలో ఎంత తప్పుందో మనకు తెలియదు గదా, తెలియని తప్పు మన నెత్తిన వేసుకుంటే గిరాకీ మళ్లీ వస్తాడు అన్నాడు. నేను ఇన్నాళ్లూ కొసరు తీసుకోవడమే నేర్చుకున్నాను. వేయడం ఆయన అంగడితోనే ఆగిపోయింది.

మరుసటి పొద్దుటి నుంచి పద్ధతి మార్చాను. మూడు లెక్కల్లో తక్కువదే తీసుకున్నాను, అందులోంచి గోనెసంచి బరువు కూడా తీసేశాను. అది అనుకున్న అంకెకు చేరాక తెర మీద తువాలు కప్పేసి, వంటింట్లో కుక్కరు కూత వేసేదాకా ఊరికే తొక్కేవాణ్ణి. ఎంత తొక్కానో తెలియదు, తెలుసుకోలేదు. అది కాళ్లకు కొసరు. వడకు మాత్రం చెప్పిన ధరే, మారుమాట లేదు. ధర నచ్చకపోతే అంగడి దాటిపోవడమే. మొదటి వారం ఆ దాటిపోవడం నాకు మెట్లకంటే కష్టంగా ఉండింది.

కొసరు తొక్కుడులోనే అసలు సుఖమని త్వరలోనే తెలిసింది. లెక్క ఉన్నంతసేపు తెరనే చూసే కళ్లు, లెక్క తీరగానే కిటికీలోంచి వీధిలోకి పోయేవి. పొద్దున పూలగంప నెత్తిన పెట్టుకొని పోయే ఆమె ఒకరోజు కిటికీ దగ్గర ఆగి, కాసేపు నన్నే చూసింది.

"ఇంతసేపు తొక్కినావంటే ఈపాటికి ఆరణి పోయి వచ్చుందువు గదన్నా."

నాకా మాట నచ్చింది. అప్పటినుంచి కొసరులో ఊళ్లు తిరగసాగాను. ఒకరోజు తామరైపాక్కం ఆనకట్ట దాకా, నీళ్లు జారే చోటు చూసి వెనక్కి. ఇంకోరోజు ఆరణి. కాళ్లు బాగా సాగిన రోజు కాట్టుపల్లి పోయి ఓడలు చూసి వచ్చాను. ఆమె రోజూ అడిగేది, ఈ పొద్దు యాడికి అని. చెప్పేవాణ్ణి. అక్కడ మల్లెలు ఎట్ల ఉండాయని అడిగేది. నేను ధర చెప్పేవాణ్ణి. ఆమె సగానికి అడిగేది.

కాటా మీద అంకె మెల్లగా, అప్పు తీర్చేవాడిలా వెనక్కి నడిచింది. ఆడి నెల వచ్చేసరికి పంచె కట్టు ఒక చుట్టు ఎక్కువ తిరుగుతోంది.

ఆడికృత్తిక నాడు తిరుత్తణి అంతా పసుపు బట్టలే. కావడికి పూలు కట్టి, నెమలి ఈకలు సర్ది, అక్క నా భుజాన పెట్టింది. బావ పూజ సంచి పట్టుకున్నాడు, నాలుగు కొబ్బరికాయలు, రెండు చీపుల అరటిపళ్లు. ఒక మెట్టు వెనకే నడిచాడు. కావడి జారితే పట్టుకోవడానికని చెప్పాడు గానీ, ఆయన చూపు నా ఊపిరి మీదే ఉంది. చుట్టూ అరోహరా అంటూ స్వామిని తలుచుకునే జనం. గుండె కొట్టుకుంటోంది, అయితే కిటికీ పక్కన రోజూ విన్న చప్పుడే అది, దానికీ నాకూ స్నేహం కుదిరింది. పాత మండపం వచ్చింది.

"కూర్చుంటావా బామ్మర్దీ?" అన్నాడు బావ. గొంతులో ఆశ ఉంది, కొంచెం ఆయాసం కూడా ఉంది.

"నువ్వు కూర్చో బావా. నేను పోతా ఉంటా."

ఆగలేదు. మిగిలిన మెట్లు ఎలా ఎక్కానో చెప్పమంటే చెప్పలేను, తామరైపాక్కం నీళ్లు మాత్రం రెండుసార్లు కనబడ్డాయి. చివరి మెట్టు మీద కాలు పెట్టి ఊపిరి తీసుకున్నాను. తీసుకోవడానికి ఊపిరి ఉంది. కావడి నా భుజానే ఉంది. కాసేపటికి అక్క వచ్చింది, నా వీపు మీద ఒక్క దెబ్బ వేసింది. చిన్నప్పుడు మార్కులొస్తే వేసే దెబ్బే.

బావ రాలేదు. తొంగి చూస్తే చాలా మెట్ల కింద, సంచి ఒళ్లో పెట్టుకొని, గోడకు ఆనుకొని కూర్చున్నాడు. కిందటేడు నా కావడితో సహా ఎక్కిన మనిషి, ఏడాదంతా నన్ను ఆటపట్టిస్తూ కుర్చీలోనే ఉండిపోయినట్టున్నాడు. నేను కావడితోనే కిందికి తిరిగాను.

"మళ్లా యాడికిరా?" అనింది అక్క.

"కొసరు ఉండాదిలే అక్కా."

దిగుతున్న నన్ను చూసి బావ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "ఏంది, ఎగతాళి చేసేదానికి దిగొచ్చినావా?"

కాదన్నాను. సంచి ఇమ్మని రెండో చెయ్యి చాపాను. ఇచ్చాడు. కొబ్బరికాయలు బరువుగానే ఉన్నాయి. నా తువాలు కొస పట్టుకొని ఆయన, ముందర నేను, నెమ్మదిగా ఎక్కాం. పైన నిలబడి ఊపిరి కూడదీసుకున్నాక, నా చేతి గడియారం ఎంత చూపిస్తోందని అడిగాడు. ఐదు వందల చిల్లర అని చెప్పాను.

"ఇన్నూటయాభై చేసుకో" అన్నాడు వెంటనే, సగానికి కోసి.

అభిషేకం అయ్యాక, భోజనాల దగ్గర కూడా, కావడి మాట ఎవరూ ఎత్తలేదు. సాయంత్రం రైల్లో అది సామాన్ల బల్ల మీద నా తలపైనే పడుకొని తిరువళ్లూరు వచ్చింది.

పోయిన నెల బావ మా ఇంటికొచ్చాడు. కాఫీ తాగుతూ కిటికీ దగ్గరికి పోయి సైకిలు చుట్టూ ఒకసారి తిరిగాడు. సీటు నొక్కి చూశాడు. తుప్పు పట్టిందే అన్నాడు. చక్రం ఒకటేనా అన్నాడు. నేను దాన్ని అమ్మేది లేదు. అయినా అంత దూరం నుంచి వచ్చిన మనిషిని బేరం లేకుండా పంపడం మర్యాద కాదని ఒక ధర చెప్పాను. ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.