పిన్నీసై ఉంటుంది అన్నాను

సామ్రాజ్యం చనిపోయిందన్న కబురు నాకు మొదట తెచ్చింది మా తమ్ముడు ఖాదర్. గంపలగూడెం రోడ్డులో షేర్ ఆటో నడుపుతాడు. బండిలో ఎవరో అనుకుంటుంటే విన్నాడట. అన్నం తింటూ చెప్పాడు.

"మీ ఆసుపత్రిలో ఆయాగా చేసేదే, ఆవిడే, ఆపా. లివర్ పాడైపోయిందంట. చాటుగా తాగేదేమో అనుకుంటున్నారు."

వాడికి పులుసు వడ్డించాను. తొమ్మిదేళ్ళుగా ఏమీ అనకుండా ఉండటం నాకు అలవాటైపోయింది. ఇక ఈ బరువు మోయడం నావల్ల కాదు. తెలిసినవాళ్ళకు చెప్పే ధైర్యం లేక, నేనెవరో తెలియని మీకు చెబుతున్నాను.

నేను బడికి వెళ్ళలేదు. చదవడం, రాయడం మా నాన్న, అబ్బా, ఇంట్లోనే నేర్పారు. తిరువూరులో ఒక చిన్న ఆసుపత్రి డాక్టరమ్మ, ఏ సర్టిఫికెట్టూ లేని నన్ను చేర్చుకుని, పని నేర్పి, సిస్టర్ అని పిలిపించారు. నమాజు చేసిన ప్రతిసారీ ఆవిడ కోసం దువా చేస్తాను. ఆ కృతజ్ఞతే నా చేత అబద్ధం ఆడించిందా? లేక నా భయానికి ఆ పేరు పెట్టుకున్నానా?

తొమ్మిదేళ్ళ క్రితం, ఆ అబద్ధం ఆడిన వారమే, విజయవాడ నుంచి ఒక మేడం వచ్చి మాకు శిక్షణ ఇచ్చారు. వాడిన సూదికి మళ్ళీ మూత పెట్టకూడదు. చేతి నుంచి చేతికి ఇవ్వకూడదు. మంచం మీద వదలకూడదు. వాడినవాళ్ళే తిన్నగా తెల్ల డబ్బాలో వేయాలి. కొన్ని రకాల కామెర్లు ఒక్క సూదిపోటుతో అంటుకుని, ఏళ్ళ తర్వాత లివర్‌ను పాడుచేస్తాయి. గుచ్చుకుంటే సబ్బు పెట్టి నీళ్ళ ధార కింద కడిగి, వెంటనే చెప్పాలి; రోగి రక్తం పరీక్షించి, అవసరమైతే మందో టీకానో అప్పుడే మొదలుపెడతారు. చేతికివ్వకూడదు అనగానే నేను నవ్వాను. సూది చేతికిస్తే పోట్లాటలొస్తాయని మా అమ్మీ ఎప్పుడో చెప్పిందండీ అన్నాను. అందరూ నవ్వారు. కొత్త పిల్లలకు ఇక నువ్వే నేర్పు అన్నారు డాక్టరమ్మ. ఎంత పొంగిపోయానో.

శిక్షణ అయిన మూడో రోజు పొద్దున, కామెర్లతో చేరిన ఒక పెద్దాయనకు ఇంటికి పంపే ముందు ఇంజెక్షన్ చేశాను. ఆయన లేచి వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. తెల్ల డబ్బా వార్డు అవతలి చివర ఉంది. మంచం సర్దడానికి వచ్చిన సామ్రాజ్యం చెయ్యి చాచింది.

"ఇటివ్వండి సిస్టరమ్మా, అటే పోతన్నా, పడేస్తా."

"సూది చేతికివ్వకూడదక్కా."

"ఇస్తే ఏమవుద్ది, పోట్లాడుకుంటామా? అంత తీరిక మీకుందా, నాకుందా?"

ఆమె దిండు తీయడానికి అటు తిరిగేసరికి, నవ్వుతూ సూదిని మంచం అంచున పెట్టాను. ఇంట్లో అమ్మీ అలాగే పెట్టేది; నేను తీసుకునేదాన్ని. పాఠంలో ముందే తెలిసిన సగాన్నే నా చెయ్యి విన్నది. ఇంతలో పక్క గదిలోంచి ఎవరో పిలిస్తే వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి సామ్రాజ్యం దుప్పటి ఉండచుట్టి చంకన పెట్టుకుని, బొటనవేలు నొక్కుకుంటోంది.

"ఏందో గుచ్చుకుందమ్మా."

దుప్పటి మడతలో సూది నాకు కనబడింది. ఆమెకు కనబడలేదు.

"పిన్నీసై ఉంటుందిలే అక్కా."

"అంతేలే" అని వేలు కొంగుకు తుడుచుకుంది.

దుప్పటి నేనందుకున్నాను. సూది తీసి, అప్పుడు, ఎంతో జాగ్రత్తగా తెల్ల డబ్బాలో వేశాను.

డాక్టరమ్మ రెండు గదుల అవతలే ఉన్నారు. పెద్దాయన కొడుకు కోసం ఎదురుచూస్తూ మధ్యాహ్నం దాకా ఆ బల్ల మీదే ఉన్నాడు. ఆయన ముందు నుంచి నాలుగుసార్లు నడిచాను. నేర్పాల్సిన నేనే తప్పు చేశానంటే, సర్టిఫికెట్ లేని నన్ను ఇంకా ఉంచుతారా అన్నదొక్కటే నాకు తోచింది. సామ్రాజ్యం వేలు తోచలేదు. రేపు చెబుదామనుకున్నాను. మర్నాడు ఆమె మామూలుగానే వచ్చింది. బాగానే ఉంది కదా అనుకున్నాను.

తర్వాత ఏళ్ళ తరబడి ఆ పాఠం ఎందరికో చెప్పాను. ఎక్కడో ఒక ఆసుపత్రిలో ఒక నర్సు ఇలా చేసిందట అని చెప్పేదాన్ని. ఎవరండీ ఆవిడ అని ఒక పిల్ల అడిగింది. తెలీదన్నాను. రెండేళ్ళ క్రితం నీరసంగా ఉంటోందని సామ్రాజ్యం పని మానేసింది. వెళ్ళేటప్పుడు నా చేతులు పట్టుకుని, మీరు చల్లగా ఉండాలమ్మా అంది.

ఆ సూది వల్లే అని చెప్పలేను. కాదనీ చెప్పలేను. తెలుసుకునే దారి ఆ పొద్దున ఉండింది. దాన్ని నేనే మూసేశాను.

మనిషికి చేసిన అన్యాయాన్ని ఆ మనిషే మాఫ్ చేయాలని అబ్బా అనేవారు. అడగడానికి ఇప్పుడు ఆమె లేదు. జానమాజ్ చాప మీద కూర్చుంటాను, దువాకు చేతులెత్తుతాను, ఆమె పేరు దగ్గరికొచ్చేసరికి చాప మడిచి లేస్తాను. ఇది రాశాక మాత్రం చెయ్యి కొంచెం తేలికైంది. అంతకన్నా అడగను.

మిమ్మల్ని ఒక్కటి కోరుతున్నాను. నన్ను మరిచిపోండి. సామ్రాజ్యాన్ని గుర్తుపెట్టుకోండి. ఆమె దగ్గర ఫినాయిలు వాసన తప్ప ఇంకే వాసనా నేనెరగను. ఆమె తాగేది కాదు.