కొత్త మేడమ్‌తో మా అత్త లొల్లి

మా అత్త పోయింది. సోమవారం తెల్లవారుతుండగా ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తితే అటువైపు మా ఆయన. ఆయన మాట్లాడకపోవడం నాకు కొత్త కాదు కాబట్టి నేనే, "అత్తమ్మనా?" అని అడిగాను. "ఊఁ" అన్నాడు.

నేను పొయ్యి మీద నీళ్లు పెట్టేలోపే మా ఆడబిడ్డ చుట్టాలందరికీ ఫోన్లలో సందేశం పంపేసింది. 'ఎవరినీ పల్లెత్తు మాట అనని మా అమ్మ ఇక లేరు' అని. నేను ఆ ఇంటి కోడలిని. అందుకే రాసి మరీ చెబుతున్నాను: నన్ను అన్నది. ప్రతి శనివారం, ఆదివారం, రాత్రి ఎనిమిదింటికి టీవీ పెట్టిన దగ్గర్నుంచి కట్టేసేదాకా అన్నది. మధ్యలో సబ్బుల ప్రకటనలు వచ్చినప్పుడు కూడా ఊరుకోలేదు. పోయినవాళ్లను పొగుడుతుంటే వినాలని వచ్చినవాళ్లు మా ఆడబిడ్డ సందేశం చదువుకుని ఇక్కడే ఆగిపోవచ్చు.

నేను ఆ ఇంటికి రెండో కోడలిని. అంటే చిన్న కోడలిని కాదు. మా ఆయన మొదటి భార్య జబ్బుచేసి పోయింది. ఒక పాప మిగిలింది. పాపకు ఆరేళ్లు వచ్చాక చాంద్రాయణగుట్టలో లెక్కల టీచరుగా పనిచేసుకుంటున్న నన్ను చూసి, మాట్లాడి, గౌలిపురకు తెచ్చుకున్నారు. తెచ్చుకున్నది మా ఆయన. మా అత్త కాదు. ఆమె ఒక్కసారి కూడా నన్ను కోడలా అని పిలవలేదు. నాతో పనిపడితే గోడకు చెప్పేది. మా అత్త బర్రెల పాలు అమ్మేది; పాల కోసం వచ్చేవాళ్లు నా గురించి అడిగితే "గా కొత్తది లోపలున్నది" అనేది. ఆ ఇంట్లో నాకు చోటు ఉన్నట్టా, లేనట్టా? అది తేల్చాల్సింది ఆమె. ఆమె తేల్చదు. నా కాపురం మొదలైంది అలాగే.

హాల్లో మొదటి కోడలి ఫోటో ఉండేది, గంధపు దండతో. దాని కింద టీవీ. ఆ టీవీలో మా మామ బతికున్న రోజుల నుంచీ వస్తున్న డిటెక్టివ్ సీరియల్. వారానికో హత్య, వారానికో హంతకుడు. పట్టుకునేది 'పెద్ద సార్'. నెరిసిన జుట్టు, మెల్లని గొంతు, టేబుల్ మీద ఎప్పుడూ ఒక చాయ్ గ్లాసు. ఆయన తెర మీద ఉన్నంతసేపు మా అత్త ఫోన్ ఎత్తదు, పాలు పొయ్యదు, వాకిట్లోకి ఎవరొచ్చినా లేవదు. పొద్దంతా బర్రెల కొట్టంలో చాకిరీ చేసే మనిషికి వారంలో దొరికే విశ్రాంతి అదొక్కటే. దాన్నయితే నేను తప్పుపట్టను.

నేను వచ్చిన కొన్ని నెలలకే ఆ నటుడు సీరియల్ మానేశాడు. కథలో పెద్ద సార్ తూటా తగిలి చనిపోయాడు. మా అత్త ఆ పూట అన్నం తినలేదు. మరుసటి వారం ఆఫీసు గోడకు ఆయన ఫోటో, ఫోటోకు దండ. దాని కింద కుర్చీలో కొత్త మేడమ్. పొట్టి జుట్టు, ప్యాంటు, ఎక్కడి నుంచో బదిలీ మీద వచ్చింది. వస్తూనే పెద్ద సార్ చాయ్ గ్లాసు తీసి కిటికీలో పెట్టి, ఆ జాగాలో తన ఫైళ్లు సర్దుకుంది.

"చూడుండ్రి, వచ్చి పది నిమిషాలు గాలే," అన్నది మా అత్త టీవీతో. "ఆయన గ్లాసు తీసి అవతల వెట్టింది. గా గ్లాసు ఏం జేసిందే నిన్ను?"

ఆ పొద్దున్నే నేను వంటింట్లో మొదటి ఆమె పోపుల డబ్బా తీసి పై అరలో పెట్టి, నాది కింద పెట్టుకున్నాను. మాట ఎవరికి తగలాలో వాళ్లకే తగిలింది. మా పుట్టింట్లో కోపం వస్తే గది తలుపు వేసుకుని పడుకోవడమే. ఆ రోజు ఎందుకో పడుకోబుద్ధి కాలేదు. చేతిలో చపాతీ పిండితోనే గుమ్మంలోకి వచ్చి, నేను కూడా టీవీతోనే మాట్లాడాను.

"టేబుల్ మీద జాగ లేకపోతె పాపం కాయిదాలు ఏడ వెట్టుకుంటది? నెత్తి మీదనా?"

అత్త నా వైపు చూడలేదు. చెవి మీది కొంగు మాత్రం వెనక్కి తోసుకుంది. "జాగ కావాల్నంట. పోయినోళ్ల జాగ మీదనే కన్ను."

"పోయినోళ్లు లేచొచ్చి కేసు వట్టరు కద."

అనేశాను. ఇల్లు దద్దరిల్లుతుందనుకున్నాను. ఏమీ కాలేదు. మా ఆయన చెప్పులు వేసుకుని మిద్దె మీదికి పోయాడు. అత్త రిమోట్ తీసుకుని గొంతు పెంచింది. టీవీది, తనది కూడా.

ఆ రోజు నుంచి మా ఇద్దరి కొట్లాట అంతా ఆ మేడమ్ మీదుగానే నడిచింది. నేను కూరలో ఉప్పు తక్కువ వేస్తే మేడమ్‌కు పని రాదు. నేను స్కూలు నుంచి ఆలస్యంగా వస్తే మేడమ్‌కు ఊరి మీద తిరగడం ఎక్కువ. "కొత్త చెయ్యి తగిలితే బర్రె గూడ చేపదు, పాలు పైకి గుంజుకుంటది. గా ఆఫీసుల ఒక్కడన్న గీమెకు చేపుతడా?" అనేది. "దాణా వెట్టి మంచిగ మాట్లాడితె ఎందుకు చేపదు?" అని నేను. "దాణాకు లొంగే బర్రె గాదది," అని ఆమె. మేడమ్ పాపం హంతకుడి వెంట పరిగెడుతూనే ఉండేది. ఎవరు ఎవరిని అంటున్నారో ఆ ఇంట్లో ఎవరికీ చెప్పే పని లేదు. పాపతో సహా. ఆ పిల్ల మా ఇద్దరి మధ్య హోంవర్క్ పెట్టుకుని, ఒకసారి ఇటు, ఒకసారి అటు చూసేది.

హంతకుడెవరో మా అత్త మొదటి ప్రకటన రాకముందే తేల్చేసేది. ఆమె లెక్క ఒక్కటే. "ఎక్కువ ఏడ్చేటోడే చంపినోడు." శవం మీద పడి ఎవరు గుండెలు బాదుకుంటే వాళ్ల మీదికి చేతికర్ర చూపించేది. (మొన్న మా ఆడబిడ్డ వాకిట్లో పడి ఏడ్చిన ఏడుపు చూస్తే ఈ లెక్క గుర్తొచ్చి నోటికి కొంగు అడ్డం పెట్టుకోవాల్సి వచ్చింది.) నేను కావాలని ఇంకొకరి పేరు చెప్పేదాన్ని. నాది నిజమైతే ఆమె ఆ వారం నా చేతి చాయ్ ముట్టేది కాదు. ఆమెది నిజమైతే గోడకు, బర్రెకు, పాలకొచ్చిన ప్రతివాళ్లకు చెప్పేది.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. పరీక్ష పేపర్ల పనిమీద నేను సీరియల్ చూడలేకపోయిన రోజున, వంటింట్లో ఉన్న నాకు వినపడేటట్టు, పక్కనే కూర్చుని అంతా చూసిన పాపకే కథ మొత్తం మళ్లీ చెప్పేది. "నేను చూసిన కద నాయినమ్మా," అని పిల్ల మొత్తుకున్నా ఆపేది కాదు. చివర్లో "మేడమ్‌కు ఏం తెల్వదు" అని కలపడం మరిచిపోయేది కాదు.

పాప మూడో తరగతిలో ఉన్నప్పుడు మిద్దె మెట్ల మీద జారి పడి చెయ్యి విరిగింది. నేను పైన బట్టలు ఆరేస్తున్నాను. ఆ శనివారమే మలక్‌పేట నుంచి పాప పెద్దమ్మ వచ్చింది. మొదటి ఆమెకు అక్క. వస్తూనే పిల్ల కట్టు పట్టుకుని ఏడ్చి, తర్వాత నా ముఖం చూడకుండా మా అత్తతో మాట్లాడింది.

"కన్నతల్లి ఉంటె గిట్లయితుండెనా అత్తమ్మా? సవతి చేతిల వెట్టి చూస్తున్నరు. పిల్లను నేను తోల్కపోత. బట్టలు సదురుండ్రి."

మా ఆయన ఫ్యాన్ వైపు చూస్తున్నాడు. పాప అప్పుడప్పుడే నన్ను అమ్మా అనడం మొదలుపెట్టింది, అది కూడా నాయినమ్మ వినకుండా. ఇంటికి పెద్ద మా అత్త. ఆమె ఊఁ అంటే పిల్ల పోతుంది. పిల్ల పోయాక ఆ ఇంట్లో నన్ను ఉంచడానికి కారణమే ఉండదు. ఆమెకు అంతకంటే మంచి అవకాశం మళ్లీ రాదని నాకు తెలుసు. తలుపు పట్టుకుని నిలబడ్డాను.

టీవీలో సీరియల్ నడుస్తోంది. పై అధికారి ఒకడు మేడమ్ చేతిలోంచి ఫైల్ లాక్కుంటున్నాడు, నీకు చేతకాదు, ఈ కేసు వేరేవాళ్లకు ఇస్తానని. మా అత్త కళ్లు తెర మీంచి తియ్యలేదు.

"కేసు మధ్యల చేతులు మారుస్తరా ఎవరన్న?" అన్నది. "దాని పని నాకు నచ్చదు. మొదట్నుంచి నచ్చలే. నడక నచ్చదు, మాట నచ్చదు. గది నా ఇష్టం. కని కేసు దానిది. మంచో చెడో అదే చూసుకుంటది. నడిమిట్ల వచ్చి గుంజుకునేటందుకు నువ్వెవరు?"

మలక్‌పేట ఆమె తెల్లబోయింది. "ఎవరి గురించి అంటున్నవ్ అత్తమ్మా?"

"టీవీ గురించి. చాయ్ తాగి పో."

ఆమె చాయ్ తాగకుండానే పోయింది. ఆ తర్వాత నేను మా అత్త ముందుకు వెళ్లి నిలబడ్డాను. కాళ్ల మీద పడదామనిపించింది, నిజంగానే. ఆమె చేతికర్రతో నా మోకాలిని పక్కకు నెట్టింది.

"ఏంది, అడ్డం నిలబడ్డవ్? టీవీ కనవడ్తలే."

ఆమె నన్ను చూసి నేరుగా అన్న మొదటి మాట అదే. దాన్ని ఎన్నిసార్లు తలుచుకుని ఉంటానో! అలాగని మరుసటి రోజు నుంచి ఆమె మారిపోయిందనుకునేరు. ఆదివారమే మేడమ్ జుట్టు మీద పడింది. నేను మేడమ్‌ను వెనకేసుకొచ్చాను. అలా ఏళ్లు గడిచాయి. పాప ఇంటర్‌కు వచ్చింది. కొట్టంలో ఒక్క బర్రె మిగిలింది, తక్కిన జాగాలో ఇరుగుపొరుగు బండ్లు పెట్టుకుంటున్నారు. మేడమ్‌కు కూడా అక్కడక్కడా జుట్టు నెరిసింది. మా ఇంట్లో మాత్రం ఆమె ఇంకా కొత్తదే. నేను కూడా.

పోయిన శనివారం కేసు రెండు రోజులది. ఒక బంగళాలో ముసలాయన చచ్చిపోతాడు, విషం పెట్టి చంపారు. వంటవాడు స్తంభాన్ని పట్టుకుని ఏడుస్తాడు. ఇంకేముంది, మా అత్త కర్ర ఎత్తింది. "వంటోడే." నేను డాక్టర్ అన్నాను. "డాక్టర్ ఎందుకు చంపుతడే, మతిగిట్ల పోయిందా మేడమ్‌కు?" అన్నది. మిగతా కథ ఆదివారం అని వేసి ఆపేశారు. ఆదివారం పొద్దున పాలు పిండుతూ పిండుతూ ఆమె కొట్టంలోనే ఒరిగిపోయింది.

ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో కూర్చుని ఫోన్‌లో రెండో సగం చూశాను. చూడాలని కాదు, ఎనిమిదింటికి ఊరికే కూర్చోవడం చేతకాక. చంపింది డాక్టరే. ఆమెకు చెబుదామని లేచి అద్దాల తలుపు దాకా పోయాను. లోపల ముక్కుకు గొట్టాలతో పడుకుని ఉంది. రేపు పొద్దున రండమ్మా అన్నారు నర్సులు. రేపు పొద్దునకు ఆమె లేదు. గెలిచి ఇంత ఏడుపు ఎన్నడూ రాలేదు నాకు.

మూడో రోజు పిట్టకు పెట్టడానికి శ్మశానానికి వెళ్లాం. విస్తరిలో అన్నం, కోడికూర, ఆమెకు ఇష్టమైన గడ్డపెరుగు పెట్టి దూరంగా జరిగాం. కాకి వచ్చి ప్రహరీ గోడ మీద కూర్చుంది. దిగదు. పోయినవాళ్ల మనసులో ఏదో ఉండిపోతే పిట్ట ముట్టదంటారు. మా ఆయన ముందుకెళ్లి, అక్కను మంచిగా చూసుకుంటానని చెప్పాడు. కాకి కదల్లేదు. మా ఆడబిడ్డ ఏడ్చుకుంటూ, తమ్ముణ్ణి కంటికి రెప్పలా చూసుకుంటానన్నది. కాకి అటు తిరిగి కూర్చుంది. పాప బాగా చదువుతానని చెప్పింది. ఎండ ముదురుతోంది. పెద్దమనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"కోడలు చెప్పాలె," అన్నాడు అత్త తమ్ముడు. "పో బిడ్డా. ఇల్లు మంచిగ చూసుకుంటనని చెప్పు."

విస్తరి దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. మంచి మాట ఒక్కటీ నోటికి రాలేదు. ఆమెతో ఎన్నడూ ఆడని మాటలు ఆ పూట కొత్తగా ఎక్కడి నుంచి తెస్తాను?

"డాక్టరే చంపిండు," అన్నాను. "వంటోడు గాదు. నువ్వు చెప్పింది తప్పు. మేడమే పట్టుకున్నది."

వెనకాల మా ఆడబిడ్డ ఏడుపు ఠక్కున ఆగింది. గోడ మీద రెక్కల చప్పుడయింది. కాకి తిన్నగా వచ్చి విస్తరి అంచున వాలింది. అన్నం మీద ముక్కు పెట్టలేదు. నా వైపు తిరిగి, మెడ చాచి, గొంతు చించుకుని అరవడం మొదలుపెట్టింది. అరుస్తూనే ఉంది.

"లొల్లి ఆపి తిను అత్తమ్మా," అన్నాను.