కళ్లు మూసుకోమన్న తరగతి

ఇంటర్ రెండో ఏడాది సగంలో నేను కాలేజీకి వెళ్లడం మానేశాను. మానేయాలని అనుకుని మానలేదు. ఒకరోజు పొద్దున జడ వేసుకోవడానికి చేతులు పైకెత్తితే అవి నా చేతుల్లా అనిపించలేదు. మంచం మీద అలాగే కూర్చుండిపోయాను. మరునాడూ అంతే. అమ్మ మొదట జ్వరమనుకుంది, తర్వాత పరీక్షల భయమనుకుంది, ఆ తర్వాత ఏమనుకోవాలో తెలియక నా పక్కన కూర్చుని అరికాళ్లు రుద్దడం మొదలుపెట్టింది.

మా ఇల్లు పాతబస్తీలో, హుస్సేనీ ఆలంలో ఒక సందు చివర. బాపు ఆ సందు మొదట్లో ఉన్న చిన్న అమ్మవారి గుడిలో అర్చకుడు. అమ్మ కరెంటు ఆఫీసులో క్లర్కు. ఇద్దరూ పనుల మీద వెళ్లిపోతే ఇంట్లో నేనొక్కదాన్నే. ఆ రోజుల్లో నన్ను అన్నింటికన్నా ఎక్కువ భయపెట్టింది ఏడుపు రాకపోవడం. ఏడిస్తే ఎవరైనా ఏదో ఒకటి చేసేవారు. నాలో ఏదో అడుగంటిపోతోందని తెలుస్తోంది, కానీ చెప్పడానికి ఏ మాటా దొరకదు.

ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టరమ్మ నాతో చాలాసేపు మాట్లాడింది. దీన్ని డిప్రెషన్ అంటారని, ఇది సోమరితనం కాదని, నయమవుతుందని బాపు వైపు చూస్తూ చెప్పింది. మాత్రలు రాసింది. "మీ అమ్మాయి వయసు పిల్లల కోసమే ఆన్‌లైన్‌లో ఒక తరగతి నడుస్తోంది. మైండ్‌ఫుల్‌నెస్ అంటారు. ఫోన్‌లోనే చేరొచ్చు. అది చేస్తున్నాం కదా అని మాత్రలు మాత్రం ఆపకండి" అంది.

ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో బాపు ఉండబట్టలేక అన్నాడు: "ధ్యానమే గదా గది? మనింట్ల లేనిదా? నేను నేర్పుత గదా బిడ్డకు."

"నీ ముందట కూసుంటే నువ్వేమనుకుంటవో అని భయపడ్తది," అంది అమ్మ. "తెల్వనోల్ల ముందట కూసోనియ్యి."

అయినా బాపు ఒక ఉదయం నన్ను పూజగదిలో కూర్చోబెట్టి చూశాడు. నా పెదాలు వణకడం మొదలవగానే ఆపేశాడు. మళ్లీ ఎప్పుడూ అడగలేదు. కానీ ఆ రోజు నుంచి గుడికి వెళ్తూ వెళ్తూ గడప దగ్గర ఆగి నన్ను చూసేవాడు. నేను చూస్తే కళ్లు తిప్పుకునేవాడు. ఆ వారంలోనే అమ్మ నా గది తలుపు గడియ తనే ఊడదీసింది. నా మాత్రలు తన ఆఫీసు బ్యాగులో పెట్టుకుని తిరిగేది. ఎందుకని నేను అడగలేదు. వాళ్లు దేనికి భయపడుతున్నారో నాకు తెలుసు. ఆ భయం ఉత్తది కాదని మాత్రం వాళ్లకు చెప్పలేకపోయాను.

తరగతి సాయంత్రాలు ఉండేది. మా ఇంట్లో సిగ్నల్ సరిగ్గా రాదు కాబట్టి అమ్మ పాత ఫోన్ తీసుకుని డాబా మీదికి వెళ్లేదాన్ని. తెర మీద చిన్న చిన్న గళ్లు. కెమెరా పెట్టాలన్న నియమం లేదు, అందుకే ఎవరి ముఖమూ కనిపించేది కాదు. పేరుకు బదులు ఒక్కో అక్షరం. ఒక మేడమ్, ఆమెకు తోడుగా ఇంకొకాయన నడిపేవారు. మేడమ్ గొంతు మెత్తగా ఉండేది.

"కళ్లు మూసుకోండి. మీ ఊపిరి ఎక్కడ తెలుస్తోందో గమనించండి. మార్చొద్దు, గమనించండి చాలు," అంది మొదటి తరగతిలో.

గమనించాను. అప్పటిదాకా నా ఊపిరి దాని మానాన అది నడిచింది. దాన్ని చూడటం మొదలుపెట్టగానే, నేను లాగకపోతే అది ఆగిపోతుందనిపించింది. లాగాను. చాలలేదు. ఇంకా గట్టిగా లాగాను. మూసిన కళ్ల వెనక చీకటి చిక్కబడి మీదికి వచ్చింది. వేళ్ల కొసల్లో చీమలు పాకాయి. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. మేడమ్ మాత్రం "హాయిగా... నెమ్మదిగా..." అంటూనే ఉంది. నేను ఫోన్ కట్ చేసి నేల మీద రెండు చేతులూ ఆనించి కూర్చున్నాను.

కింద అమ్మ టీ పెట్టి ఎదురుచూస్తోంది. "ఎట్లుంది?" అని ఎంత ఆశగా అడిగిందంటే, "మంచిగనే ఉందమ్మా" అనేశాను.

ఆ తర్వాత ప్రతి తరగతికీ వెళ్లాను. ఫోన్ పక్కన పెట్టి కూర్చునేదాన్ని, కళ్లు మూసుకునేదాన్ని కాదు. అందరికీ నెమ్మదినిచ్చేది నన్నొక్కదాన్నే భయపెడుతోందంటే నేను బాగుపడే రకం కాదేమో అనిపించేది. ఇదీ పనిచేయలేదని తెలిస్తే అమ్మ ముఖం ఎలా మారిపోతుందో ఊహించుకుని ఇంకా భయపడేదాన్ని.

ఒక సాయంత్రం తరగతికి కొంచెం ముందే పైకి వెళ్లాను. బాపు గుడిలో ఉన్నాడు. అమ్మ ఆఫీసు నుంచి ఇంకా రాలేదు. పక్క డాబా మీద ఆరేసిన దుప్పట్లు గాలికి ఊగుతున్నాయి. అప్పుడు నా లోపల ఒక మాట వినిపించింది. అది నా గొంతే. కోపంగా లేదు, ఏడుస్తూ లేదు. కూరగాయలు తెమ్మన్నంత మామూలుగా ఉంది. నువ్వు లేకపోతే వీళ్లిద్దరూ నిశ్చింతగా నిద్రపోతారు కదా, అంది. అలాంటి మాట అంతకుముందూ వచ్చేది. కానీ ఈసారి దానికి ఎదురుచెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. నా కాళ్లంటే నాకు భయం వేసింది. నిలబడి ఉంటే అవి ఎటు నడుస్తాయో అని ఉన్నచోటనే చతికిలబడ్డాను.

ఫోన్‌లో తరగతి మొదలైంది. ఎలా ఉన్నారో ఒక్క మాటలో రాయమంది మేడమ్. ఎవరో 'ఓకే' అని రాశారు. ఎవరో 'నిద్రొస్తోంది' అన్నారు. నేను 'భయం' అని రాశాను. రాశాక చెయ్యి ఆగలేదు. మేడమ్‌కు మాత్రమే కనిపించేలా ఇంకో వాక్యం రాశాను: నాకు నేనంటేనే భయంగా ఉంది.

మేడమ్ మాట్లాడుతున్నదల్లా మధ్యలో ఆగింది. తోడుగా ఉన్నాయన అందుకుని తరగతి కొనసాగించాడు. మరుక్షణం నా ఫోన్ మోగింది.

"నేనే, మేడమ్‌ని. నువ్వు రాసింది చదివాను. రాసి చాలా మంచి పని చేశావు. సూటిగా అడుగుతున్నా, ఏమీ అనుకోకు. చచ్చిపోవాలనిపిస్తోందా?"

అంతవరకూ ఆ మాటను ఎవరూ నా ముందు పైకి అనలేదు. "అవును" అన్నాను.

"ఇప్పుడెక్కడున్నావు?"

"డాబా మీద."

"కిందికి వెళ్దాం. నేను లైన్లోనే ఉంటా. కళ్లు తెరిచే ఉంచు."

"నడవాలంటే భయమైతుంది మేడమ్."

"నడవద్దు. కూర్చునే జరుగు. కూర్చునే మెట్లు దిగు. ఒక్కో మెట్టు దిగి నాకు చెప్పు."

చిన్నపిల్లలా కూర్చుని జరుగుతూ మెట్ల దాకా వచ్చాను. ఒక మెట్టు దిగాను, చెప్పాను. ఇంకొకటి దిగాను, చెప్పాను. మెట్ల మధ్యలో గోడకు ఆనుకుని ఇక కదలలేకపోయాను. "అక్కడే ఉండు, చాలు. చేరేటప్పుడు మీరిచ్చిన నంబరుంది, మీ అమ్మగారికి వేరే ఫోన్ నుంచి చెప్తున్నాం," అంది మేడమ్. అమ్మకు తెలిసిపోతుందన్న భయం ఒక పక్క, తెలియకపోతే ఏమవుతుందోనన్న భయం ఇంకో పక్క. వద్దనలేదు.

అమ్మ ఆ సమయానికి పురానాపూల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్న బస్సులో ఉంది. ఆమె ముందు పక్కింట్లో నేను పిన్ని అన్నట్టు ఖాలా అని పిలిచే ఆవిడకు ఫోన్ చేసింది, తర్వాత బాపుకు. ఖాలా పిండి చేతులతోనే పరిగెత్తుకొచ్చింది. "క్యా హువా బేటా?" అని నా ముఖం చూసి, ఇక ఏమీ అడగకుండా పక్కన ఇరుక్కుని కూర్చుంది. "ఏం ఫికర్ చెయ్యకు. మీ అమ్మీ వస్తున్నది. నేనున్న గదా," అంటూ తన భుజం నా భుజానికి గట్టిగా ఆనించింది. ఆమె గుండె కూడా దడదడా కొట్టుకోవడం నాకు తెలిసింది.

తర్వాత బాపు వచ్చాడు. హారతి మధ్యలో వదిలేసి, చెప్పుల్లేకుండా, ఒంటి మీద ఉత్తరీయం కూడా లేకుండా సందంతా పరిగెత్తుకుంటూ వచ్చాడు. నా కింద మెట్టు మీద కూలబడి నా పాదాలు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"గుడి తలుపులు ఏసినవా బాపూ?" అని అడిగాను. ఎందుకు అదే అడిగానో తెలియదు.

"తెరిచే ఉన్నయ్. ఉండనీ," అన్నాడు.

అమ్మ బస్సు దిగి ఆటో మాట్లాడుకుని వచ్చేదాకా మేడమ్ ఫోన్ పెట్టలేదు. ఆ సాయంత్రమే ఆసుపత్రికి వెళ్లాం. కొన్నాళ్లు అక్కడే ఉంచారు. అమ్మ సెలవు పెట్టి నా మంచం పక్కన పడుకుంది. నేను చిన్నగా కదిలినా లేచి కూర్చునేది. మందులు మార్చారు. సందులో అందరికీ తెలిసిపోయి ఉంటుందని, గుడికి వచ్చేవాళ్లు ఏమంటారోనని అక్కడ పడుకునే వణికేదాన్ని. అడిగినవాళ్లకు బాపు ఏం చెప్పాడో తర్వాత ఖాలా చెప్పింది. "మనసుకు జబ్బు చేసింది బిడ్డకు. దవాఖానల ఉన్నది" అన్నాడట. అంతకు మించి ఒక్క మాట కలపలేదట, దాచనూ లేదట.

ఇంటికి వచ్చాక తరగతిలో కూర్చోనన్నాను. మేడమ్ ఫోన్ చేసి, అమ్మ వింటుండగానే నాతో మాట్లాడింది. ఊపిరిని చూస్తుంటే ఏమైందో అప్పుడు మొదటిసారి చెప్పాను. "కొందరికి అలా అవుతుంది. నీ తప్పు కాదు. మొదటి రోజే నేను అడిగి ఉండాల్సింది," అంది మేడమ్. ఇకమీదట కళ్లు తెరిచే ఉంచమంది. ఊపిరి జోలికి పోకుండా నేలకు ఆనిన పాదాలను గమనించమంది. వినిపించేవి వినమంది.

ఈసారి వంటింట్లో, అమ్మ ఎదురుగా కూర్చున్నాను. సిగ్నల్ కోసం కిటికీ దగ్గర స్టూలు వేసింది అమ్మ. కుక్కర్ ఆవిరి, సందులో స్కూటర్, ఖాలా ఇంటి కుట్టుమిషను. నెమ్మది వచ్చిందని చెప్పను. భయం వచ్చినప్పుడు అది నన్నంతా మింగేయకుండా, ఛాతీలో ఈ పక్కన, ఇంత మేర ఉందని చూడగలిగాను. చూస్తూ కూర్చుంటే కొన్నిసార్లు తగ్గేది, కొన్నిసార్లు తగ్గేది కాదు. తగ్గకపోతే అమ్మకు చెప్పేదాన్ని. నాకు వచ్చిన మార్పు ముఖ్యంగా అదే.

ఒకసారి తల్లిదండ్రులను కూడా కూర్చోమన్నారు. బాపు బొట్టు సరిచేసుకుని, పూజకు కూర్చున్నట్టు ఫోన్ ముందు బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు. మీకెలా ఉందని మేడమ్ అడిగితే ఆయన ఏ శ్లోకమో చెప్తాడనుకున్నాను. "మస్తు భయమైతుంది మేడమ్," అన్నాడు. "బిడ్డ నవ్వినా భయమే అయితుంది." అమ్మ అటు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను బాపు పక్కకు జరిగి కూర్చున్నాను.

ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాను. మాత్రలు తగ్గాయి, పూర్తిగా ఆగలేదు.

నేను డిగ్రీలో చేరకముందే ఆ తరగతులు ముగిశాయి. చివరి రోజు ఇష్టమున్నవాళ్లు కెమెరాలు తెరవొచ్చన్నారు. అక్షరాల వెనక నుంచి ఒక్కో ముఖం బయటికి వచ్చింది. కళ్లద్దాల అమ్మాయి, నూనూగు మీసాల అబ్బాయి, నాకన్నా చిన్నగా కనిపించిన ఇంకో పిల్ల. ఒక గడి మాత్రం లేదు. నేను 'భయం' అని రాసిన సాయంత్రం, దాని కింద 'నాకు కూడా' అని రాసిన అమ్మాయి గడి అది. ఆ గొడవలో నేనది చూడనే లేదు, కళ్లద్దాల అమ్మాయి చెబితే తెలిసింది. ఆమె ఎక్కడని మేడమ్‌ను అడిగాను. ఇంటివాళ్లతో మాట్లాడుతున్నామని, అంతకన్నా చెప్పకూడదని అంది.

ఫోన్ పెట్టేశాక అమ్మ నా ముఖం చూసి కంగారుగా దగ్గరికి వచ్చింది. సంగతి చెప్పాను. ఆమె స్టవ్ ఆపేసి నా పక్కన కూర్చుంది. "ఆ పిల్ల తల్లి ఎట్లున్నదో," అంది.