గుండీ కట్టిన దారాలు

మిషనమ్మ అంటే ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. అసలు పేరు ఆవిడకైనా గుర్తుందో లేదో! మొగుడు పోయాక ముందుగదిలో కుట్టుమిషను వేసుకుని ఒక్కగానొక్క కూతుర్ని చదివించుకొచ్చింది. ఆ కూతురికి ఇప్పుడు దూరపు ఊళ్ళో కాలేజీ సీటొచ్చింది. ఇక అద్దెగదిలో ఒంటరిగా నెగ్గుకురావాలి.

సీటొచ్చిన దగ్గర్నుంచీ తల్లి ఆ పిల్లను కుదురుగా కూర్చోనిస్తే ఒట్టు. స్టవ్వు తుడవడం, బట్టలు ఉతకడం, తాళం వేశాక ఒకసారి లాగి చూడటం, అన్నీ దగ్గరుండి నేర్పింది. గుండీ మాత్రం కళ్ళు మూసుకుని కుట్టమంది.

"కళ్ళుండగా ఈ గుడ్డి కుట్టేంటమ్మా?"

"కరెంటు పోతే ఏం చేస్తావే? మాట్లాడకుండా కుట్టు."

అసలు సంగతి వేరు. తల్లికి చూపు పోతోంది. పిల్లకు నేర్పే వంకతో తడుముకుని కుట్టడం తనే అలవాటు చేసుకుంటోంది. పోయింది తిరిగి రాదనీ, ఉన్నదీ ఎన్నాళ్ళో నిలవదనీ డాక్టరు తేల్చి చెప్పేశాడు. అప్పటికే ముదురు రంగులన్నీ ఆమెకు ఒకేలా నల్లగా కనబడుతున్నాయి. ఈ ముక్క చెవిన పడిందంటే పిల్ల చదువు కట్టిపెట్టి ఇంట్లోనే ఉండిపోతుంది. మొండిఘటం, అచ్చం తల్లి పోలికే. అందుకే సూదిలో దారం ఎక్కించే పని కూడా "నేర్చుకోవే" అని కసిరి రోజూ దానిచేతే చేయించింది. ఎన్ని వేషాలు వేసిందో పాపం!

ప్రయాణం దగ్గరపడ్డాక నీలం గుడ్డ తెచ్చి కూతురికి చొక్కా కుట్టింది. పిల్ల తొడుక్కుని అద్దం ముందు నిలబడి కుట్ల మీద వేలితో రాసుకుంటూ ఉంది.

"ఏమే, వదులైందా?"

"లేదమ్మా. సరిగ్గా సరిపోయింది."

"దారం కలిసిందా? ఏరి ఏరి నీలం దారం వేశాను."

"కలిసిపోయిందమ్మా. కుట్టే కనబడట్లేదు."

మిషనమ్మ గుండెల మీంచి బరువు దిగింది. గండం గడిచిందనుకుంది.

పిల్ల ఆ చొక్కాతోనే బస్సెక్కింది. ఏడిస్తే పని చెడుతుందని తల్లి పళ్ళ బిగువున నిలబడింది. పిల్ల కూడా ఏడవలేదు. కాస్త ఏడిస్తే బాగుండునని తల్లికి లోపల అనిపించకపోలేదు.

ఇంటికొచ్చి పని మొదలుపెడదామని దారాల డబ్బా తీసింది. రీలుకేదో తగిలింది. తడిమి చూసింది. ప్రతి రీలుకూ ఒక గుండీ కట్టి ఉంది. తెల్లదారానికి చిన్న చొక్కా గుండీ. పక్కదానికి లావుపాటి కోటు గుండీ, అంటే నలుపు. ఇంకోదానికి కొత్త నీలం చొక్కాకు పెట్టగా మిగిలిన నాలుగు కన్నాల గుండీ. ఆ రీలు నిండుగా ఉంది. ఒక్క పోగు కూడా ఖర్చు కాలేదు.

మిషను మీది రీలు అందుకుంది. చొక్కా కుట్టాక తీయనే లేదు. దానికి పువ్వులాంటి గుండీ కట్టి ఉంది. పిల్ల చిన్నప్పటి ఎర్రగౌను గుండీ అది.

నీలం చొక్కా నిండా ఎర్రకుట్లు. బస్సులో నలుగురూ చూస్తుండగా అది తొడుక్కునే కూర్చుంది.

"తెలిసీ వెళ్ళిపోయావా తల్లీ," అంది మిషనమ్మ పైకే. వెళ్ళాలనే కదా తను ఇంత నాటకమాడింది! ఎంత సర్దిచెప్పుకున్నా మనసు వినలేదు. సూదికి దారం ఎక్కించబోయింది. ఎక్కలేదు. మళ్ళీ ప్రయత్నించింది. చివరికి మిషను మీద తల ఆనించి ఏడ్చింది.