అమ్మ పెట్టిన అదనపు చుక్క

పోయిన ఆదివారం పొద్దున్నే వాట్సాప్‌లో ఒక ఆహ్వానపత్రం వచ్చింది. మా సోషల్ మాస్టారికి ఎనభై దాటాయని సహస్ర చంద్ర దర్శనం చేస్తున్నారట, బెజవాడలోనే, మా ఇంటికి రెండు వీధుల అవతలి కల్యాణమండపంలో. భోజనాలు కూడా ఉన్నాయి. కింద వక్తల పేర్లలో నా పేరూ వేసేశారు, పక్కన ‘మాస్టారి ప్రియశిష్యురాలు’ అని. నన్నొక్క మాట అడిగితే వాళ్ళ సొమ్మేం పోయిందో! ఆయన్ని ఊరంతా ‘చుక్కల మాస్టారు’ అంటారు కాబట్టి, ఆయన ఫొటో వెనకాల చుక్కలతో గీసిన భారతదేశ పటం వేశారు. రెండు వేళ్ళతో పెద్దది చేసి చూశాను. కృష్ణ సముద్రంలో కలిసేచోట చిన్న బొడిపె. అలాగే ఉంది, నలభై ఏళ్ళ కిందట మా అమ్మ పెట్టినట్టే. కాఫీ అక్కడే చల్లారిపోయింది.

మాది పామర్రు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మాస్టారు మా హైస్కూలుకి బదిలీ మీద వచ్చారు. మనిషి మంచివాడే, నిజం చెప్పొద్దూ. దేశమంటే ఏమిటంటే నేల, మనుషులు, ప్రభుత్వం, ఈ మూడూ కుదిరితే దేశం అనేవారు. ప్రభుత్వం పాఠం అయ్యాక మా చేత ఓట్లు వేయించి మంత్రివర్గం కూడా పెట్టించారు. నేను నీటిపారుదల శాఖ. అంటే కుండలో నీళ్ళు నింపాలన్నమాట. ఒక్కదగ్గరే ఆయనతో కష్టం. భారతదేశం పటాన్ని చూడకుండా, అచ్చు దించే కాగితం పెట్టకుండా, చేత్తో గీయాలి. నేను గీస్తే గుజరాత్ దగ్గర మొదలై, బెంగాలు చేరేసరికి కాగితం అయిపోయేది. దేశం దోసకాయలా వస్తోందని ఆయన క్లాసు ముందు పటం ఎత్తి చూపిస్తే, ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని ఏడ్చాను.

మా అమ్మకి చదువు రాదు. అక్షరమ్ముక్క రాదు. కానీ ముగ్గంటే మా వీధిలో ఆవిడ తరవాతే ఎవరైనా. ఎంత పెద్ద ముగ్గయినా ఒక్కసారి చూస్తే చాలు, ఎన్ని చుక్కలో, ఎన్ని వరసలో చెప్పేసేది. నా అట్లాసు తీసుకుని అటూ ఇటూ తిప్పి, తలకిందులుగా కూడా చూసి, "ఇదేముందే, పదిహేడు చుక్కలు, పదిహేడు వరసలు" అంది. మర్నాడు కళ్ళాపి చల్లిన వాకిట్లో చుక్కలు పెట్టి, ఏ చుక్క నుంచి ఏ చుక్కకి పోవాలో పాట పాడినట్టు చెబుతూ గీసేసింది. దేశం దిగింది వాకిట్లో. అంతా అయ్యాక "మనమెక్కడున్నామే ఇందులో?" అని అడిగింది. తూర్పు తీరం మీద వేలు పెట్టి, కృష్ణ ఇక్కడ సముద్రంలో కలుస్తుందమ్మా అని చూపించాను. ఆవిడ కాసేపు చూసింది. "అంత నది అన్నేళ్ళుగా అంత ఒండ్రు తెచ్చి పోస్తుంటే, నేల ముందుకి రాదూ?" అని వరస బయట, సముద్రంలో, ఇంకో చుక్క పెట్టి గీత అక్కడిదాకా లాగింది. నిజం పటంలో అక్కడ నేల కాస్త ముందుకొచ్చిన మాట వాస్తవమే గానీ, మా అమ్మ లాగినంత కాదు. మా దివిసీమ దాదాపు సింహళం పక్కదాకా వెళ్ళిపోయింది. నేను నవ్వితే "నీ దేశం నువ్వు గీసుకో, ఇది నాది" అంది.

వారం తిరిగేసరికి నా పటం చూసి మాస్టారు నోరెళ్ళబెట్టారు. ఎవరు నేర్పారని ఆరా తీసి మా ఇంటికే వచ్చారు. చెప్పులు వీధిలోనే విడిచి, ముగ్గు తొక్కకుండా గోడవారగా నడిచి వచ్చిన ఆయన్ని తలుచుకుంటే ఇప్పటికీ గౌరవమే కలుగుతుంది, ఆ ఒక్క దృశ్యం వరకూ. అమ్మ చేత మళ్ళీ పెట్టించుకుని, చుక్క చుక్కా నోటుబుక్కులో ఎక్కించుకున్నారు. "పిల్లల కోసం గైడు రాస్తున్నానండీ. ఇది అందులో వేస్తాను. మీ పేరు కూడా వేయిస్తాను. పేరేమిటండీ?" అన్నారు. మా అమ్మని అప్పటిదాకా ఎవరూ పేరడిగి ఉండరు. ఫలానావారి కోడలు, ఫలానావాళ్ళమ్మ, అంతే. కొంగు సవరించుకుని ఇంటిపేరుతో సహా చెప్పింది. ఆయన రాసుకుంటుంటే, పొయ్యి మీద పాలు పొంగుతున్నా కదల్లేదు. ఆ పేరు నేనిక్కడ రాయను. ముందు చెప్పాల్సిన చోటు ఒకటుంది.

ఏడాదికి గైడు వచ్చింది. బెజవాడ ఏలూరు రోడ్డులో పుస్తకాల కొట్లో మా నాన్న కొని తెచ్చాడు. పదిహేడు చుక్కలు, పదిహేడు వరసలు, బొడిపెతో సహా దిగింది. అమ్మ చేతులు తుడుచుకుని పక్కన కూర్చుని "నాది చదువు" అంది. ముందుమాట తీశాను. ‘నా చిన్నతనంలో మా మాతృమూర్తి వాకిట్లో పెట్టిన ముగ్గుల నుంచి ఈ పద్ధతి నాకు స్ఫురించినది’ అని ఉంది. మా అమ్మ కాదు, ఆయనమ్మ. చివరిదాకా వెతికాను. ప్రెస్సువాళ్ళ పేరుంది, ప్రూఫులు దిద్దినవాడి పేరుంది. మా అమ్మ పేరు లేదు. నా ఒళ్ళు మండిపోయింది. కానీ ఆవిడ మొహం అంత దగ్గరగా ఉంది. "పామర్రు వాస్తవ్యురాలు శ్రీమతి" అని మొదలుపెట్టి, ఆవిడ పేరు ఇంటిపేరుతో సహా చదివి, "గారికి నా నమస్కారములు" అనేశాను. మూడుసార్లు చదివించుకుంది. ఆ పుస్తకానికి పసుపు రాసి దేవుడి పటం వెనకాల పెట్టింది. పాలమ్మాయికీ, చాకలావిడకీ, ఎవరికి పడితే వాళ్ళకి "పుస్తకంలో నా పేరుంది" అని చూపించేది. మా నాన్నకీ, వాళ్ళకీ చదువు రాదు కాబట్టి నేను బతికిపోయాను.

రెండేళ్ళు బతికిపోయాను. ఇంటర్‌లో ఉండగా హనుమాన్ జంక్షన్ నుంచి మా మేనత్త వచ్చింది. ఎనిమిది దాకా చదువుకున్న మనిషి. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి పుస్తకం అరుగు మీద తెరిచి ఉంది. అత్త నా వంక చూడలేదు. అమ్మ అన్నం పెట్టింది, పెరుగు వేసింది. నేను చెయ్యి కడుక్కోబోతుంటే మాత్రం నెమ్మదిగా అంది. "ఆయనంటే పరాయివాడు. వేస్తానన్నాడు, వెయ్యలేదు. నువ్వు నాకు చదువు రాదని చూసుకుని చదివావు కదే."

బాధపడతావని అలా చదివానమ్మా అన్నాను. వినలేదు. వాకిట్లో దేశం ముగ్గు మళ్ళీ పెట్టలేదు. ఇంటికి ఏ కాగితం వచ్చినా, నేను చదివాక, పక్కింట్లోకి కొత్తగా వచ్చిన చదువుకున్నావిడ దగ్గరికి పట్టుకెళ్ళి ఇంకోసారి చదివించుకునేది. కరెంటు బిల్లూ అంతే, పోస్టుకార్డూ అంతే. చివరికి నా పెళ్ళి శుభలేఖ కూడా నేను చదివి వినిపించాక, మడత పెట్టుకుని పక్కింటికి వెళ్ళింది. గుమ్మంలో నిలబడి చూశాను.

తరవాత నేనే సోషల్ టీచర్నయ్యాను. నేల, మనుషులు, ప్రభుత్వం, అదే పాఠం. రాష్ట్రాల సంఖ్య ఎన్నిసార్లు మార్చి చెప్పానో లెక్కలేదు. మా రాజధాని ఏదో పిల్లలు అడిగితే ఆ ఏటి పేపరు చూసి చెప్పాల్సి వచ్చింది. బెజవాడా పామర్రూ ఒకే జిల్లా అని ఏళ్ళ తరబడి బోర్డు మీద రాశాక, వేరు జిల్లాలు అయిపోయాయి. దేశంలో అన్నీ మారాయి గానీ, ఏటా ఒక పిల్లో పిల్లాడో చుక్కలతో గీసిన పటం తెచ్చి చూపిస్తారు. ఆ బొడిపె మారదు. తప్పని దిద్దాలి. నేనెప్పుడూ దిద్దలేదు.

నిన్న ఆహ్వాన కమిటీ అబ్బాయి ఫోన్ చేశాడు. "మేడమ్, మాస్టారి చుక్కల పద్ధతి గురించి రెండు మాటలు చెప్పాలండీ." వస్తానన్నాను. ఆ వేదిక మీద మా మాస్టారిని కడిగేసే ఉపన్యాసం నలభై ఏళ్ళుగా నా నోట్లోనే ఉంది. కానీ ఎప్పుడు మొదలుపెట్టినా మధ్యలో అమ్మ మాట అడ్డొస్తుంది. ఆయన అన్న మాట తప్పాడు, నేను లేని మాట చదివాను. ఇద్దరిలో ఎవరి మీద నమ్మకం పెట్టుకుందో ఆ తల్లికి తెలుసు. అందుకని ఉపన్యాసం మానేసి, ఒక్క కాగితం రాసుకున్నాను. ఆ పద్ధతి ఎవరిదో, ఆవిడ పేరేమిటో, ఆ పేరు మీద ఎవరెవరం ఏం చేశామో. ఈసారి కాగితం మీద ఉన్నదే చదువుతాను. నిజమో కాదో చూడమని పక్కింటికి పట్టుకెళ్ళడానికి మాత్రం, ఇన్నేళ్ళు ఆలస్యమయ్యాక, అమ్మ లేదు.