వెంట్రుకవాసి వేగం

మా అత్త ఇరవై రెండేళ్ళు ఒక నోటుపుస్తకాల ఫ్యాక్టరీలో పాటలు పెట్టింది. ఉద్యోగమే అది. కాగితాల్లో ఏమని రాసుకున్నారో తెలీదు గానీ అందరూ ఆవిణ్ణి పాటలమ్మ అనేవాళ్ళు. మా నాన్నకి అక్క. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగితే తీరిక దొరకలేదనేది.

ఫ్యాక్టరీ అంటే పొడుగాటి రేకుల షెడ్డు. ఒక చివర ఇనపమెట్లెక్కితే అద్దాల గది. అందులో రికార్డు ప్లేయరు, మైకు, బీరువా నిండా సినిమా పాటల రికార్డులు. కింద నాలుగు బల్లల దగ్గర అరవైమంది ఆడవాళ్ళు కాగితాలు మడిచేవాళ్ళు. మడవడం, చెక్కబద్దతో ఒక్క రుద్దు రుద్దడం, పక్కకి తోయడం. రెండో చివర కటింగ్ మిషను. కుట్టిన పుస్తకాల దొంతరని కత్తి కింద పెట్టి, కాలితో తొక్కి, మూడు అంచులూ కోసేవాడు కటింగ్ మాస్టారు.

పనివాళ్ళు కబుర్లు మానతారని యజమాని పాటలు పెట్టించాడు. కబుర్లు మానలేదు గానీ చేతులు పాట వెంట పడ్డాయి. అరవై చెక్కబద్దలు ఒకే దెబ్బ మీద రుద్దుతుంటే పై గదిలో గాజుపలకలు అదిరేవట.

సోమవారం షెడ్డులో మోగిన పాట బుధవారానికి కుళాయి దగ్గరుండేది, శుక్రవారానికి బడిలో. అత్త రికార్డు అట్టల్ని అద్దానికి ఆనించి పెట్టేది. ఆ బొమ్మలు చూసొచ్చి టైలరు దగ్గర జాకెట్టు చేతులు కురచ చేయించుకున్నవాళ్ళున్నారు, మొగుళ్ళ చేత తిట్లు తిన్నవాళ్ళున్నారు. ఉత్తరం రాయడం చేతకాని మగపిల్లలు మెట్ల దగ్గర చీటీ పెట్టి పోయేవాళ్ళు, రెండింటికి ఫలానా పాట వెయ్యమని. ఎవరికోసమో ఆ పిల్లకి తెలుసు. రెండు పెళ్ళిళ్ళు అలా కుదిరాయి. కుదిరినది ఒకటి చెడింది కూడా.

అన్నిట్లోకీ ఊరికి పట్టింది ఈల పాట. మొదట్లో ఒక ఈల వస్తుంది, ఆ తర్వాత డప్పు. బళ్ళు తెరిచే ముందు ఆర్డర్లు ఎక్కువైనప్పుడు సూపర్వైజరు పైకొచ్చి, ప్లేయరు పక్కనున్న చిన్న చక్రం చూపించి, వెంట్రుకవాసి తిప్పమన్నాడు. పాట వేగం సరిచేసుకునే చక్రం అది. అత్త తిప్పింది. సాయంత్రానికి బల్లకి రెండు కట్టలు ఎక్కువ మడిచారు. వారం పోయాక ఇంకో వెంట్రుకవాసి. ఒక్కసారి పెంచితే కనిపెట్టేవాళ్ళే. కొంచెం కొంచెంగా పెంచితే ఎవరికి తెలుస్తుంది?

దాంతో ఊరు ఊరంతా ఆ పాటని తప్పు వేగంలో నేర్చుకుంది. పిల్లల్ని ఆ వేగంలోనే ఊపారు, బడి ఆటల్లో ఆ వేగంలోనే గెంతారు. పై ఊరి నుంచి వచ్చిన ఒక అల్లుడు అసలు పాట ఉన్నట్టే పాడితే, అతనికి జ్వరమేమో కనుక్కోమని మరదళ్ళు అత్తగారితో అన్నారు.

ఆ మే నెలలోనే ఒక మధ్యాహ్నం, ఈల పాట నడుస్తుండగా, కటింగ్ మాస్టారి ఎడమచేతి వేళ్ళు మూడు కత్తి కింద ఉండిపోయాయి.

విచారణలో ఏమరుపాటు అని రాశారు. ఏమరుపాటు ఎందుకొచ్చిందో ఊరే చెప్పుకుంది. ఎదురుగా మడత బల్లలు, బల్లల దగ్గర ఆడవాళ్ళు. పని మానేసి వాళ్ళని చూస్తున్నాడని. ఆయన భార్య ఏడాదిపాటు ఆయనతో మాట్లాడలేదు. తర్వాత మాట్లాడింది గానీ ఆ మాట మాత్రం పోలేదు.

అత్త ఆ రోజే చక్రం వెనక్కి తిప్పేసింది. మర్నాడు ప్లేయరు చెడిపోయిందని బల్లల వాళ్ళు గోల పెట్టారు. బాగు చేయించాను అంది. అంతకుమించి ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఫ్యాక్టరీ మూసేశాక ప్లేయరు, రికార్డులు ఇంటికి తెచ్చుకుని దుప్పటి కప్పింది.

మా ఇంట్లో దయ్యాలేమీ లేవు. ఆ పాట చాలు. వీధిలో ఏ పిల్లో అది కూనిరాగం తీస్తే అత్త కిటికీ మూసేది. అన్నం ముందు కూర్చుని ఉన్నా లేచిపోయేది. ఎక్కడ విన్నా తప్పు వేగంలోనే వినిపించేది, ఆవిడ నేర్పిన వేగంలో. మొన్నటిదాకా చాదస్తమనుకున్నాను.

పోయిన నెల ఒక ఉదయం తలుపు కొట్టారు. కాలేజీ మానేసి ఇంట్లో ఉండేవాణ్ణి నేనే కాబట్టి తలుపులు తీసేదీ నేనే. కటింగ్ మాస్టారు. ఎడమచెయ్యి జేబులో ఉంది. వేళ్ళు పోయిన ఈ ముప్పై నాలుగేళ్ళలో ఆయన మా గడప తొక్కడం అదే మొదలు.

కూర్చుని, మంచినీళ్ళు తాగి, వచ్చిన పని చెప్పాడు. ఆయనకి ఈల పాట కావాలి. మనవడు ఫోన్లో పెట్టాడట, అది కాదన్నాడు. ఇంకోటి పెట్టాడు, అదీ కాదు. పాట ఒక్కటే తాతా, నీకు మతిపోయిందని మనవడు నవ్వాడట. లేని మూడు వేళ్ళూ రాత్రీ పగలూ దరువు వేస్తూనే ఉంటాయని, ఆ దరువు ఫోన్లో పాటకి అతకదని చెప్పాడు. తనకే మతి పోయిందో, పాటే వేరో తెలిస్తే చాలన్నాడు.

"నీ దగ్గరున్న రికార్డే అసలుది కదా చెల్లెమ్మా. ఒక్కసారి వినిపించు."

అత్త చీరకొంగు మడతలు పెట్టుకుంటూ కూర్చుంది. లేదని చెప్పేస్తుందనుకున్నాను. లేచి దుప్పటి తీసింది.

మొదట పాట ఉన్నట్టే పెట్టింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. అప్పుడు చక్రం మీద వేలు పెట్టింది. ఈల సన్నబడింది. డప్పు దగ్గరపడింది. మాస్టారు కళ్ళు మూసుకున్నాడు. కుడికాలు నేలని తొక్కడం మొదలుపెట్టింది. అత్త ఇంకొంచెం తిప్పింది. కాలు పాటతో పోయింది. ఎడమచెయ్యి జేబులోంచి బయటికొచ్చి, కత్తి కిందనుంచి తీసినట్టు, ఒక్క దెబ్బ ఆలస్యంగా వెనక్కి పోయింది.

ఆయన కళ్ళు తెరిచాడు. చూపు అత్త వేలి మీద, వేలి కిందున్న చక్రం మీద.

"ఎవరు తిప్పమన్నారు?"

"మామూలుగా సూపర్వైజరు."

"ఆ రోజు?"

అత్త రికార్డు మీంచి ముల్లు ఎత్తేసింది. "ఆ రోజు ఆయన సెలవు అన్నయ్యా. ఎవరూ చెప్పలేదు. పైనుంచి చూస్తే అందరి చేతులూ ఒక్కసారే కదిలేవి. నేను తిప్పితే కదిలేవి. అది బాగుండేది నాకు. ఇంకొంచెం తిప్పితే ఎలా ఉంటుందో చూద్దామని తిప్పాను."

ఆయన అరుస్తాడేమోనని లేచి నిలబడ్డాను. అరవలేదు. ఆ వయసు మనిషి ఏడవకుండా ఉండటానికి ముక్కు గట్టిగా రుద్దుకుంటుంటే ఎటు చూడాలో నాకు తెలీలేదు. "నేనే దరువు తప్పాననుకున్నాను," అన్నాడు. తర్వాత చెప్పులు వేసుకుంటూ, "నాకు చెప్పి లాభం లేదు. మా ఇంటిదానికి చెప్పు. ఇప్పుడే రా," అన్నాడు.

రెండు వీధుల దూరం. దారి పొడుగునా ఆయన ముందు నడిచాడు, అత్త వెనక, నేను ఇంకా వెనక.

ఆయన భార్య వసారాలో బియ్యం ఏరుతోంది. అత్త గుమ్మంలో నిలబడి, తలుపు చెక్క పట్టుకుని, మాకు చెప్పినట్టే ఆవిడకీ చెప్పింది. చక్రం, సూపర్వైజరు, ఆ రోజు సెలవు, తన సరదా. సరదా అనే మాట కూడా దాచలేదు. ఆవిడ చేట పక్కన పెట్టకుండా, తలెత్తకుండా, మొత్తం వింది. వేళ్ళు మాత్రం ఏరడం ఆపేశాయి.

ఆవిడ అత్త వైపు చూడలేదు. మొగుణ్ణి అడిగింది.

"ఆ ఆడవాళ్ళని చూడలేదని ఒక్కసారైనా గట్టిగా ఎందుకు చెప్పలేదు?"

మాస్టారు గోడకి ఆనుకుని నిదానంగా కిందికి జారి కూర్చున్నాడు.

"మొదట చెప్పాను. నువ్వు వినలేదు. అందరూ అన్నాక, చూశానేమో అనుకున్నాను. ఇన్నేళ్ళూ అదే అనుకున్నాను."

ఆవిడ చేట నేల మీద పెట్టింది. ఆయన ఎడమచెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది. అత్త గుమ్మంలోనే నిలబడి ఉంది. కూర్చోమని ఎవరూ అనలేదు. వెళ్ళమనీ అనలేదు.