కూలర్‌లో కీచురాళ్ళ కాలనీ

ఆ రోజుల్లో, బొగ్గుగని కార్మికులుండే మా సెంటినరీ కాలనీలో ఎవరి తెలివిని వాళ్ళే అంచనా వేసుకునేవాళ్ళం. అందుకే అందరం తెలివిగలవాళ్ళమే. ఇంటర్ పరీక్షలు రాశాను, ఫలితాలింకా రాలేదు. కాబట్టి నా మీద ఇంట్లో నమ్మకం మిగిలి ఉన్న చివరి ఎండాకాలం అదే. అప్పుడు దిగాడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా మేనత్త కొడుకు, చేతిలో గాజుపెట్టెతో. పెట్టెలో పసుప్పచ్చని ఒంటిమీద నల్లచుక్కల బల్లి. పేరు సుల్తాన్. అమ్మ ఒకసారి పెట్టెను, ఒకసారి గోడను చూసింది. "గోడ మీద పుక్కట్కి ఇన్ని తిరుగుతుంటే పైసలు పెట్టి కొన్నవా అల్లుడా? ఒక్క ఫోన్ చేస్తే మేమే పట్టి పంపుదుము గద!"

బావ ఆఫీసు పనిమీద బెంగుళూరు పోతున్నాడు. తిరిగి వచ్చేదాకా సుల్తాన్‌ను నేను చూసుకోవాలి. దీనికొక లంకె ఉంది. డిగ్రీకి హైదరాబాద్ పోతానంటే బాపు, "బావ రూంల ఉంచుకుంటనంటే పో, లేకుంటే మంథనిలనే చదువు" అన్నాడు. బావేమో, "ముందుగాల నువ్వు బల్లిని చూస్కో, ఎన్కసిరి నిన్ను నేను చూస్కుంట" అన్నాడు. అట్లా నా భవిష్యత్తు ఒక బల్లి కడుపుతో ముడిపడింది.

సుల్తాన్ మేత మూడు డబ్బాల్లో వచ్చింది: కీచురాళ్ళు ఒకదాంట్లో, బొద్దింకలు ఒకదాంట్లో, పిండిపురుగులు ఒకదాంట్లో. (మా కాలనీకి బయటినుంచి బొద్దింకలు తెచ్చిన ఘనత బావకే దక్కుతుంది.) "మూడింటిని కలపకు రా, దేని డబ్బ దానిదే" అని బస్సెక్కేదాకా చెబుతూనే ఉన్నాడు. బస్సు మలుపు తిరగకముందే నాకు అనుమానం వచ్చింది. ఎందుకు కలపకూడదు? మా క్వార్టర్ల లైన్లో ఒక ఇల్లు మంథని వాళ్ళది, ఒకటి కాసిపేట నుంచి బదిలీమీద వచ్చినవాళ్ళది, ఒకటి ఊళ్ళో పొలం ఇంకా వదలనివాళ్ళది. ఇంతవరకు ఎవరూ ఎవర్నీ తినలేదు (నల్లా దగ్గర తినేది మాటలతో కాబట్టి లెక్కలోకి రావు). మనుషులే సర్దుకుంటే పురుగులకేం రోగం?

వెనక గదిలోంచి నడిమింట్లోకి గాలి కొట్టే పాత కూలర్ ఒకటి పాడై పడి ఉంది. దాని గడ్డి తీసి దోమతెర బిగించాను, ముందు జాలీకి పాత లుంగీ కట్టాను, లోపల కోడిగుడ్ల అట్టలు పేర్చి క్వార్టర్లు కట్టాను. తౌడు, క్యారెట్ ముక్కలు రేషన్. మూడు డబ్బాలూ అందులో గుమ్మరించేశాను. మా కాలనీలో దరఖాస్తు పెట్టకుండా క్వార్టరు దొరికింది వాటికే.

కొద్ది రోజులకే జనాభా తగ్గసాగింది. పిండిపురుగు కుబుసం విడిచి తెల్లగా, మెత్తగా ఉన్న వేళ చూసి కీచురాళ్ళు దాన్ని భోంచేస్తున్నాయి. అవి అయిపోయాక తమలోని కుంటివాటితో మొదలుపెట్టాయి. బొద్దింకలు మిగిలింది తిని, నీళ్ళగొట్టం కన్నంలోంచి కొన్ని పక్కింటికి బదిలీ అయ్యాయి. ఆ ఇంట్లో ఉండేది మేమందరం యూనియన్ కాక అని పిలిచే పెద్దమనిషి.

"ఏంది రా, మీ బొద్దింకలు మా ఇంట్ల మీటింగు పెట్టినయ్?"

"అవి మావేనని ఎట్ల చెప్తవ్ కాకా?"

"క్యారెట్ ముక్క నోట్ల వెట్టుకొని తిరిగే బొద్దింకలు ఈ లైన్ల ఎవలింట్ల ఉన్నయ్ రా?"

నేను పోయి గొట్టం కన్నంలో గుడ్డ కుక్కాను. లోపల మిగిలినవి అట్టల్లో దూరి చేతికి చిక్కవు, సుల్తాన్ దగ్గర మేత లేదు. ఈ జాతి బల్లి ఆరోగ్యం తోకలో తెలుస్తుందట. ఆ తోక రోజుకింత సన్నబడుతోంది, దాంతోపాటు నా హైదరాబాదూ.

అంతలో బాపుకు నైట్ షిఫ్టు వచ్చింది. రాత్రంతా బాయిలో (బొగ్గుగనిని మేం అట్లాగే అంటాం) పనిచేసి వచ్చి పగలు పడుకుంటాడు. ఆ వారం మా ఇంట్లో కుక్కర్ కూడా మెల్లగా విజిలేస్తుంది. కూలర్ చీకట్లో మిగిలిన కీచురాళ్ళకు ఈ పద్ధతి తెలియదు.

"ఏంది రా ఆ సప్పుడు?"

"కూలర్ బేరింగ్ బాపూ."

"నడవని కూలర్‌ల బేరింగ్ ఎట్ల కూస్తది?"

"పాతది గద బాపూ, అలవాటైంది."

ఆ అబద్ధం ఇంకెవరికి చెప్పినా చెల్లేది. బాపు బాయిలో ఫిట్టర్. కూసే బేరింగును వదిలేసి ఫిట్టర్ నిద్రపోలేడు. నేను పాలకు పోయి వచ్చేసరికి మోటారుకు నూనె పోసి, ఊడిన వైరు కలిపి, లుంగీ విప్పేశాడు. లోపలికి మాత్రం చూడలేదు. ఆయన ధ్యాసంతా మోటారు మీదే. చల్లగాలి వస్తుందని అమ్మ చాటలో బియ్యం పెట్టుకుని సరిగ్గా ఎదురుగా కూర్చుంది. "ఆగు బాపూ!" అన్నాను. అప్పటికే స్విచ్ పడింది.

మొదట తౌడు వచ్చింది. తర్వాత అట్టముక్కలు. ఆ తర్వాత కాలనీ మొత్తం. ఒక బొద్దింక బియ్యంలో దిగింది, అమ్మ చాటను వదిలి మంచమెక్కింది. గోడమీది పుక్కట్ బల్లులకు పెళ్ళిభోజనం. సుల్తాన్ మాత్రం గాజుపెట్టెలోంచి, తన పంక్తిదాకా వడ్డన రాని చుట్టంలా చూస్తున్నాడు. బాపు స్విచ్ ఆపాడు. ఆ నిశ్శబ్దంలో బీరువా వెనకనుంచి ఒక కీచురాయి గొంతెత్తింది.

"బేరింగ్ అటు వోయింది" అన్నాడు బాపు.

తర్వాత సుల్తాన్ తోక చూశాడు. "ఇంటికొచ్చినోన్ని పస్తు పండవెట్టినవా రా?" అని, తన పాత మూడు గిన్నెల క్యారేజీ తీసి, మూతలకు మేకుతో చిల్లులు కొట్టాడు. తువ్వాల విసిరి పట్టిన కీచురాళ్ళు కింది గిన్నెలో, బొద్దింకలు నడుమ. పిండిపురుగుల వంశం అంతరించింది కాబట్టి పైగిన్నె ఖాళీ. క్వార్టర్ల వెనక గడ్డిలో మిడతలు పట్టి దాన్నీ నింపాడు. "ఆ క్యారేజి మల్ల నా వంటింట్లకు వస్తే చూడుండ్రి" అంది అమ్మ మంచం మీదనుంచే.

బావ వచ్చేనాటికి తోక కొంచెం తేరుకుంది. ఆయన ముందు సుల్తాన్ తోకను, తర్వాత నన్ను చూసి, "కలిపినవ్ గదా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే బాపు, "వీన్ని తోల్కపో అల్లుడా. ఈడ ఇంకా శాన కూలర్లున్నయ్" అన్నాడు.

హైదరాబాద్ రూంలో నాతో కలిపి నలుగురం, నాలుగు ఊళ్ళవాళ్ళం. ఇంటినుంచి అప్పుడే ఊడిపడిన నేను, కుబుసం విడిచిన పిండిపురుగంత మెత్తగా ఉండేవాణ్ణి. వారం తిరక్కుండానే నా మామిడికాయ తొక్కుపచ్చడి సీసా మాయమైంది. మరుసటిసారి ఇంటినుంచి తెచ్చుకున్న తొక్కును, అమ్మ ఇంట్లో ఉంచనని నాతోనే పంపిన ఆ క్యారేజీలో పెట్టాను. ఏ గిన్నెలో ఇంతకుముందు ఎవరుండేవారో అందరికీ చెప్పాను. మళ్ళీ ఎవరూ మూత తీయలేదు.

ఇప్పుడు నా ఇంట్లో ఏసీ ఉంది. చప్పుడే చేయదు. బాపు వచ్చినప్పుడల్లా దాని కింద నిలబడి చెవి పెట్టి, "మంచిగనే ఉన్నది గని, ఏం పాడుతలేదు" అంటాడు. నేను నవ్వేస్తాను. ఆయన ఊరికి పోయాక మాత్రం, ఎవరూ చూడకుండా, నేనూ అక్కడే నిలబడి కాసేపు వింటాను.